అమ్మ చేతి బావి

వేయించిన బార్లీ గింజలు నీళ్ళలో మరిగేటప్పుడు వచ్చే వాసన, పెనం మీద జొన్నరొట్టె ఓ పక్క కాస్త మాడితే వచ్చే వాసనకు చాలా దగ్గర. కొరియన్ కొట్టుకు వెళ్ళినప్పుడల్లా ఆ బార్లీ ప్యాకెట్ ఒకటి తెచ్చుకుంటాను. ఆదివారం పొద్దున పెద్ద గిన్నెలో మరగబెట్టి, చల్లార్చి, సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుని వారమంతా మంచినీళ్ళకు బదులు అవే తాగుతాను. మా అమ్మాయి అనిక ముక్కు మూసుకుని "ఇట్ స్మెల్స్ బర్న్ట్, అమ్మా" అంటూ తన గదిలోకి పారిపోతుంది. మాడిన వాసనే, కాదనను. కానీ అది ముక్కుకు తగిలిందంటే చాలు, నేను పదేళ్ళ పిల్లనైపోయి, హామిల్టన్‌లో కొండ కింద మేమున్న పాత అపార్టుమెంటులో, ఎదురింటి హాన్ ఆంటీ వాళ్ళ గుమ్మం ముందు కూర్చుని మంచు బూట్లు విప్పుకుంటూ ఉంటాను.

ఆ అపార్టుమెంటు గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. లిఫ్టు పనిచేసిన రోజులకంటే చెయ్యని రోజులే ఎక్కువ, నడవాలో పరిచిన కార్పెట్ అసలు రంగేమిటో ఎవరికీ గుర్తులేదు. మా వంటింటి కిటికీలోంచి చూస్తే దూరంగా సరస్సు ఒడ్డున స్టీలు ఫ్యాక్టరీల పొగగొట్టాలు కనిపించేవి. వాటిలో ఒకదాని కింద మా నాన్నకు మెషిన్లు బాగుచేసే షిఫ్టు ఉద్యోగం. ఖమ్మంలో బియస్సీ చదువుకున్న అమ్మ, ఇక్కడికొచ్చాక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టేది. నాన్న మాటకారి, పైగా ప్రతిదానికీ అందరి అభిప్రాయమూ అడిగి తెలుసుకోవాలనే మనిషి. అమ్మ దగ్గర మాత్రం అన్నిటికీ ఒకటే జవాబు, "మీ ఇష్టం." కూర వంకాయా బెండకాయా అంటే మీ ఇష్టం, కర్టెన్లు నీలమా పసుపా అంటే మీ ఇష్టం, నాకు జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి ఇప్పుడు పోదామా సాయంత్రం పోదామా అన్నా మీ ఇష్టమే. నాన్నకు ఒళ్ళు మండేది. "నా ఇష్టం నాకు తెలుసు కదనే, నీదేందో చెప్పరాదూ!" అనేవాడు. "చెప్పాగా" అనేది అమ్మ, గిన్నెలోంచి తలెత్తకుండా. ఆ రెండు మాటల మీదే మా సంసారం నడిచేది. ఆ రెండు మాటల మీదే ఒకసారి మేము ఊరు మారిపోయేంత పనైంది కూడా.

ఎదురింట్లో హాన్ ఆంటీ, హాన్ అంకుల్, వాళ్ళమ్మాయి సుజిన్ ఉండేవాళ్ళు. సుజిన్‌దీ నాదీ ఒకటే క్లాసు. పాలూ బ్రెడ్డూ లాటరీ టికెట్లూ అమ్మే కొట్టొకటి ఉండేది వాళ్ళకు, అదే బిల్డింగ్ కింద. మా తాళింపు వాసన వాళ్ళ తలుపు కిందనుంచి దూరేది, వాళ్ళ నువ్వుల నూనె వాసన మా తలుపు కిందనుంచి వచ్చేది. మొదట్లో రెండు వైపులా ముక్కులు చిట్లించుకున్న మాట నిజం. ఆ తర్వాత ఎప్పుడో మెంతికూర పప్పు గిన్నె అటూ, వాళ్ళ క్యాబేజీ పచ్చడి కిమ్చీ డబ్బా ఇటూ ప్రయాణాలు మొదలుపెట్టాయి, ఖాళీ గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదన్న మర్యాద ఇద్దరికీ ఉండటంతో అవి ఇక ఆగలేదు.

వాళ్ళింట్లో నన్ను ఆశ్చర్యపెట్టింది తిండి కాదు, తగువులు తీర్చుకునే పద్ధతి. చెత్త సంచి ఎవరు కిందికి దించాలి, ఆదివారం పొద్దున్నే లేచి కొట్టు ఎవరు తెరవాలి, టీవీ రిమోట్ ఎవరి చేతిలో ఉండాలి, పళ్ళెంలో మిగిలిన ఆఖరి మాండూ (కజ్జికాయలో కూర కూరి ఆవిరి పట్టినట్టుంటుంది) ఎవరి నోట్లోకి పోవాలి, ఏది తేలకపోయినా ముగ్గురూ చేతులు వెనక్కి తీసి "కావీ బావీ బో!" అని ఒక్కసారిగా అరిచేవాళ్ళు. "బో" దగ్గర చేతులు ముందుకొచ్చేవి. రెండు వేళ్ళు చాపితే కత్తెర, పిడికిలి బిగిస్తే బండరాయి, అరచెయ్యి పరిస్తే మూటకట్టే గుడ్డ. రాయి కత్తెరను విరగ్గొడుతుంది, కత్తెర గుడ్డను కోస్తుంది, గుడ్డ రాయిని చుట్టేస్తుంది. అంతే ఆట. ఓడినవాళ్ళు గొణుక్కోవడం లేదు, బతిమాలడం లేదు, లేచి పని చేసుకుపోవడమే. మా ఇంట్లో ఇదే చెత్త సంచి మీద ఉపన్యాసాలు జరిగేవి.

పిల్లలు ఆడటం సరే, పెద్దవాళ్ళు ఆడటమే నాకు వింత. వాళ్ళ చర్చి స్నేహితులు కోట్లూ టైలూ వేసుకుని వచ్చేవాళ్ళు, తిరిగి వెళ్ళేటప్పుడు కారు వెనక సీట్లో మధ్యన ఇరుక్కుని ఎవరు కూర్చోవాలో తేల్చుకోవడానికి మంచులో గుండ్రంగా నిలబడి, చేతి తొడుగులు తీసి మరీ కావీ బావీ బో వేసేవాళ్ళు. సియోల్‌లో వాళ్ళ మామయ్య ఆఫీసులో మేనేజరూ గుమాస్తాలూ కలిసి, మధ్యాహ్నం కాఫీ తేవడానికి ఎవరెళ్ళాలో ఇలాగే తేల్చుకుంటారనీ, అక్కడ మేనేజరు ఓడితే అందరికీ పండగేననీ సుజిన్ చెప్పింది. పెద్దాయన ఓడిపోయి ట్రే పట్టుకుని నడుస్తున్న దృశ్యం ఊహించుకుని నేను చాలాసేపు నవ్వుకున్నాను.

చలికాలమంతా మా ఆటస్థలం మెట్ల దారే. బయట మంచు ముఖానికి కొడుతుంటే, లోపల హీటరు గొట్టాలు టకటకమంటుంటే, తడి సాక్సులు ఆ గొట్టాల మీద ఆరేసి, ఒట్టికాళ్ళతో మెట్ల అడుగున నిలబడేవాళ్ళం. గెలిచినవాళ్ళు మెట్లెక్కాలి, ఓడినవాళ్ళు అక్కడే నిలబడాలి, ముందు పై అంతస్తు చేరినవాళ్ళు రెండోవాళ్ళ నుదుటి మీద వేలితో టప్పుమని ఒక్కటివ్వాలి. సుజిన్ వేలు చాలా గట్టిది. స్కూలుకు పోయేలోపు ఆ ఎర్రమచ్చ తగ్గుతుందా లేదా అని అద్దంలో చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

మా వైపునుంచి నేను వాళ్ళకు పంటలు నేర్పాను. మన పిల్లలు దొంగాట మొదలుపెట్టే ముందు చేతులు కలిపి ఊపి, ఒక చేతి మీద రెండో చెయ్యి వెల్లకిలానో బోర్లానో వేసి, తేడాగా వేసినవాళ్ళను "పంట" అని తప్పించి, చివరికి మిగిలినవాళ్ళను దొంగ చేస్తారే, ఆ పంటలే. ఇదేదో గొప్ప విద్య నేర్పుతున్నట్టు నేను మొదలుపెట్టానో లేదో, వెల్లకిలా బోర్లా మాకూ ఉందని సుజిన్ తేల్చేసింది. వాళ్ళు జట్లు విడదీసుకోవడానికి వాడతారట. నా గర్వం ఆ నిమిషానికి దిగిపోయినా, సముద్రాలవతల కూడా పిల్లలకు ఇదే తోచిందన్నమాట అని సంతోషం వేసింది. తేడా ఒకటే. మనం పెద్దయ్యాక పంటలు వదిలేస్తాం, వాళ్ళు పెద్దయ్యాక కూడా చెయ్యి చాపుతారు.

ఆ అరుపు అమ్మ మొదటిసారి విన్నది మా తలుపు సందులోంచి. "కావిడేసుకుని బావికి పొమ్మంటున్నారా ఏందే వాళ్ళు?" అంది. అమ్మ పుట్టింట్లో వెనక గిలకబావి ఉండేదట, పెళ్ళిళ్ళప్పుడు నీళ్ళు చాలక మనుషులు భుజాన కావిడేసుకుని రెండు వైపులా బిందెలు వేలాడదీసుకుని మోసేవాళ్ళట. కావీ అంటే కత్తెర, బావీ అంటే రాయి అని నేను విడమరిచి చెప్పాను. అమ్మ ఒప్పుకోలేదు. "రాయేందే? బావంటే బావే" అని పిడికిలి బిగించి, బొటనవేలు వైపు పైకి తిప్పి నాకు చూపించింది. ముడిచిన చూపుడువేలి మధ్య చిన్న సందు ఉంది. "ఇదిగో గట్టు, లోపల నీళ్ళు."

"మరి కత్తెర ఎట్ల ఓడుతది?"

"బావిలో పడిపోతది."

"గుడ్డ ఎట్ల గెలుస్తది?"

"పిల్లలు పడకుండా బావి మీద కప్పరూ?"

నేను నోరు తెరిచాను. ఒక్క మాట తప్పు విని, ఆ తప్పు మీదే ఆటనంతా ఎక్కడా పగులు లేకుండా కట్టేసింది మా అమ్మ. సుజిన్‌కు చెబితే పడీపడీ నవ్వింది, వాళ్ళమ్మకు చెప్పింది, హాన్ ఆంటీ తన పిడికిలి తిప్పి సందులోకి ఒంటికన్నుతో చూసి "యెస్, వాటర్!" అంది. ఆ రోజునుంచి మా అంతస్తులో పిడికిలి పేరు బావి.

ఆకులు రంగు మారే రోజుల్లో, నిండు పున్నమికి, వాళ్ళకు చుసొక్ అని పంట పండగ వస్తుంది. ఆ ఏడాది మమ్మల్ని భోజనానికి పిలిచారు. హాన్ ఆంటీ బియ్యప్పిండి కుడుములు అర్ధచంద్రాల్లా ఒత్తి, లోపల తేనె కలిపిన నువ్వులపొడి పెట్టి, అడుగున పైన్ ఆకులు పరిచి ఆవిరికి పెట్టింది. మూత తీయగానే ఇల్లంతా తడిసిన అడవి వాసన. అమ్మ పులిహోర తీసుకెళ్ళింది. తినడం అయ్యాక, కొండలా పేరుకున్న గిన్నెలు ఎవరు తోమాలో తేల్చడానికి అందరూ నిలబడ్డారు. అమ్మ మాత్రం చేతులు కొంగులో దాచుకుని, మీరాడండి, ఎవరైతే ఏముంది, నేను తోముతాలెండి అంటూ సింకు వైపు నడిచింది. హాన్ ఆంటీ దారికి అడ్డం నిలబడింది. వాళ్ళ భాషలో చేతులు తీసే ముందు పాటలా ఒక మాట అంటారు, "అన్ నేమ్యన్ జిందా" అని. చెయ్యి తియ్యకపోతే ఓడినట్టే అని దానర్థం. ఆంటీ దాన్ని తనకొచ్చిన ఇంగ్లీషులోకి మార్చి, అమ్మ మణికట్టు మెత్తగా పట్టుకుని, "నో హ్యాండ్, యూ లూజ్" అంది. అమ్మ సిగ్గుపడుతూ చెయ్యి చాపింది. పిడికిలి. బావి. మా నాన్న ఒక్కడే రెండు వేళ్ళు చాపి ఓడిపోయాడు. చొక్కా చేతులు మడిచి, హాన్ అంకుల్ వాడే పూల ఏప్రన్ కట్టుకుని, మా నాన్న పరాయి ఇంట్లో గిన్నెలు తోముతుంటే అమ్మ ఎటు చూడాలో తెలియక పైకప్పు వైపు చూసింది.

ఆ పండగ తర్వాత ఆట మా ఇంట్లోకి కూడా వచ్చేసింది. అమ్మ ఎప్పుడూ బావే వేసేది, ఇంకోటి వేసిన గుర్తు లేదు. నాన్న ఎప్పుడూ కత్తెరే వేసేవాడు. ప్రతిసారీ కత్తెర వెళ్ళి బావిలో పడేది, ప్రతిసారీ నాన్న "అరె, మళ్ళా!" అని నుదురు కొట్టుకుని గిన్నెల దగ్గరికి నడిచేవాడు. ఇంత తెలివిగల మనిషికి ఒక్కసారైనా అరచెయ్యి పరిచి బావిని కప్పేయాలని ఎందుకు తట్టదో నాకర్థమయ్యేది కాదు. రమ్మీలో ఎదుటివాళ్ళ చేతిలో ముక్కలన్నీ చదివేసే మనిషి ఆయన.

మంచు మొదలవుతుండగా రెండు కబుర్లు ఒక్క వారంలోనే వచ్చాయి. కారులో మూడు రోజుల దూరంలో, ఇక్కడికంటే చలి ఎక్కువుండే రెజైనా ఊళ్ళో ఉన్న నాన్న స్నేహితుడు అక్కడ ఒక గవర్నమెంటు ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు. పగటి పని, షిఫ్టుల్లేవు, శని ఆదివారాలు సెలవు. రాత్రంతా పనిచేసి పగలు నిద్రపట్టక కళ్ళు ఎర్రబడి తిరుగుతున్న నాన్నకు అది చిన్న విషయం కాదు. అదే వారం అమ్మకు హామిల్టన్ కాలేజీలో రక్తపరీక్షల కోర్సులో సీటు వచ్చింది. అప్లై చేయించింది హాన్ ఆంటీ. లాండ్రీలో పని అయ్యాక ఇంటికొస్తూ అమ్మ రోజూ ల్యాబ్ అద్దం దగ్గర ఒక నిమిషం ఆగి, తెల్లకోట్ల వాళ్ళు గాజు గొట్టాలు అటూ ఇటూ తిప్పడం చూసేదట. నాతో ఒక్కసారి చెప్పింది, మళ్ళీ ఎవరితోనూ అనొద్దంది. రెండూ జనవరిలోనే మొదలు. రెజైనా పోతే ఈ సీటు పోయినట్టే. ఇక్కడే ఉంటే ఆ ఉద్యోగం పోయినట్టే.

నాన్న అడుగుతూనే ఉన్నాడు. అమ్మ మీ ఇష్టం అంటూనే ఉంది. కొట్లోంచి ఖాళీ అట్టపెట్టెలు తెచ్చి గోడవారన పేర్చడం కూడా మొదలైంది. సుజిన్, నేను మెట్ల మీద ఆడటం మానేసి ఊరికే పక్కపక్కన కూర్చునేవాళ్ళం. నాకైతే అన్నం సయించేది కాదు.

స్నేహితుడికి ఫోన్ చేసి మాట చెప్పాల్సిన శనివారం రానే వచ్చింది. పొద్దున ఉప్మా తింటున్నాం, సుజిన్ కూడా మాతోనే ఉంది. కుక్కరు కూత పెడుతోంది. "వాడికియ్యాల ఫోన్ చెయ్యాలె. ఏమంటవు?" అని నాన్న ఆఖరిసారి అడిగాడు.

"మీ ఇష్టం" అంది అమ్మ.

నాన్న కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "ఇట్ల కాదు గానీ, రా. చెయ్యి తియ్యి. నువ్వు గెలిస్తే ఈడనే ఉంటం, నేను గెలిస్తే పోతం."

"పిల్లల ముందు ఇదేం ఆటండీ!"

"చెయ్యి తియ్యకుంటే ఓడినట్టే. ఆమె చెప్పలే?"

అమ్మ స్టవ్ కట్టేసింది. తడిచెయ్యి టవలుతో తుడుచుకుంది, అవసరమైనదానికంటే ఎక్కువసేపే తుడుచుకుంది. నేనూ సుజినూ గుసగుసగానే అన్నాం, కావీ బావీ బో.

నాన్న కత్తెర వేశాడు. అమ్మ చెయ్యి విప్పి ఉంది, అరచెయ్యి పైకి, ఐదు వేళ్ళూ చాపి. గుడ్డ.

"అంకుల్ వన్" అంది సుజిన్, ఏడుపు గొంతుతో.

నాన్న గెలిచినట్టు లేడు. ఆ అరచేతి వైపే చూస్తున్నాడు. "బావేదే?" అన్నాడు. "రమా, బావేదీ?"

అమ్మ అప్పుడు నాన్న రెండు వేళ్ళ వైపు చూసింది. ఆయన వాటిని ఇంకా వెనక్కి తీసుకోలేదు. "మీరు కత్తెరే వేస్తారని నాకు తెలుసు" అంది చిన్నగా.

"నువ్వు బావే వేస్తవని నాకు తెల్వదా?"

మీ ఇష్టం అనే మాటను అమ్మ ఈసారి చేత్తో అంది. నాన్నేమో తాను ఎప్పుడూ ఓడిపోయే ఆటనే కావాలని ముందుకు తెచ్చాడు. ఇన్నాళ్ళ గిన్నెల సంగతి కూడా నాకు అప్పుడే వెలిగింది, అరచెయ్యి పరచడం తట్టని మనిషి కాదు మా నాన్న. అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాన్న చెయ్యి మళ్ళీ వెనక్కి తీసుకుని, "మళ్ళా వెయ్యి. ఈసారి నీది నువ్వు వెయ్యి" అన్నాడు.

మేము "కావీ" అనేలోపే అమ్మ చెయ్యి ముందుకొచ్చేసింది. ఆట లెక్కలో అది తప్పే, ఎవరమూ పట్టించుకోలేదు. పిడికిలి ఎంత బిగించిందంటే వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. "నాకు ఆ కోర్సు చదవాలనుంది. మనం ఇక్కడే ఉందాం" అంది. నా పదేళ్ళ జీవితంలో అమ్మ నోట అలాంటి వాక్యం వినడం అదే మొదలు. నాన్న తాపీగా రెండు వేళ్ళూ చాపి, ఆ పిడికిలి మీద ఆనించి, "పడ్డా" అన్నాడు. ఆ తర్వాత స్నేహితుడికి ఫోన్ చేసి, వచ్చి గిన్నెలు తోమాడు.

దానికి నాన్న చెల్లించుకున్నది తక్కువేమీ కాదు. ఇంకా చాలా ఏళ్ళు రాత్రి షిఫ్టులే చేశాడు. రెజైనా పేరు మాత్రం చలికాలం వార్తల్లో అక్కడి ఉష్ణోగ్రత చెప్పినప్పుడే ఎత్తేవాడు, "చూసినవా, మీ అమ్మ మనల్ని ఎట్ల కాపాడిందో" అని. అమ్మ చదివింది, ల్యాబ్ అద్దానికి లోపలివైపుకు చేరింది, రిటైరయ్యేదాకా రక్తం తీసే పని చేసింది. "మేక్ ఎ ఫిస్ట్" అని రోజంతా పరాయివాళ్ళ చేత పిడికిళ్ళు బిగింపిస్తూ గడిపిందన్నమాట. ఇంటికొచ్చి, ఇవాళ ఎన్ని బావులు తవ్వానో అని నవ్వేది.

ఇప్పుడా కొట్టున్న చోట ఫోన్లు బాగుచేసే షాపుంది. మెట్ల దారికి తాళంకార్డు పెట్టారు, ఒట్టికాళ్ళతో అరిచే పిల్లలెవరూ అందులో లేరు. హాన్ అంకుల్, ఆంటీ కొట్టు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. మా వీధిలో బేస్‌మెంట్ అద్దెకు తీసుకున్న తెలుగు స్టూడెంట్లు గిన్నెల వంతు ఫోన్‌లో చక్రం తిప్పి తేల్చుకుంటారు, ఓడినవాడు ఫోన్‌ను తిట్టుకుంటాడు. ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి చెయ్యి చాపే పని వాళ్ళకు లేదు. నాన్న కూడా లేడు. ఆయన లేని వంటింట్లో గిన్నెల చప్పుడు నాకు ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది.

అమ్మ మాతోనే ఉంటుంది. మొన్న ఆదివారం, బార్లీ నీళ్ళు చల్లారుతుండగా, ఆఖరి గారె ఎవరిదో తేలలేదు. అమ్మ, నేను, అనిక బల్ల చుట్టూ నిలబడి చేతులు వెనక్కి తీశాం. కీళ్ళనొప్పులతో అమ్మ వేళ్ళు ఇప్పుడు పూర్తిగా ముడుచుకోవు. "బో" దగ్గర వచ్చిన ఆ పిడికిలి సగమే మూసుకుంది, నడుమ వెడల్పాటి సందు మిగిలింది.

అనిక ఒప్పుకోలేదు. "అమ్మమ్మా, దట్స్ నాట్ ఎ రాక్. దేర్ ఈజ్ ఎ హోల్ ఇన్ ఇట్!"

"రాయని ఎవరన్నారే? బావి అది. బావికి ఆ మాత్రం కన్నం ఉండదూ?" అంది అమ్మ, పిడికిలి వెనక్కి తీసుకోకుండా, ఇంకా ముందుకు రాని నా చెయ్యి కోసం చూస్తూ.

నేను రెండు వేళ్ళూ చాపాను.